సమాధానం: శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనానికి పులిహోర పట్టుకెళ్లొచ్చా?

న్యూజెర్సీలో మీ ఆఫీసులోని యూదు స్నేహితుడు సబ్బాతు (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి దినం) భోజనానికి పిలిచాడు, పులిహోర చేసి తీసుకెళ్లనా అని అడిగారు కదా. వద్దండీ. వాళ్లది కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే వంటిల్లయితే మన గిన్నెలో వండింది శాకాహారమైనా తినలేరు. కోషర్ గుర్తున్న చాక్లెట్ డబ్బా, సీలు తీయకుండా ఇవ్వండి. పూలైతే పొద్దు గూకేలోపే అందాలి.

సబ్బాతు మొదలుపెట్టే దీపాలు చాలాచోట్ల సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. నియమాలు గట్టిగా పాటించే ఇళ్లలో, అప్పట్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా స్విచ్ ముట్టుకోరు, ఫోన్ తీయరు, పెన్ను పట్టరు. అసలు చిక్కు బాత్‌రూమ్‌లో! బయటికొస్తూ అలవాటుగా లైటు ఆర్పేశారో, ఇక రాత్రంతా చీకటే. మళ్లీ వేయమని మిమ్మల్ని నోరు తెరిచి అడగలేరు కూడా. నేను ఓసారి ఆ ఘనకార్యం చేశాను లెండి.

భోజనానికి ముందు రెండు పిడుల చెంబుతో చేతులు కడుక్కుంటారు. అక్కణ్నుంచి రొట్టె నోట్లో పెట్టుకునేదాకా ఎవరూ మాట్లాడరు. అలిగారేమో అనుకోకండి. గుడ్డ కప్పిన రెండు జడల్లిక రొట్టెలు, హల్లా అంటారు, భలే మెత్తగా ఉంటాయి.

మర్నాడు సినగాగ్‌కి, అంటే వాళ్ల ప్రార్థనా మందిరానికి, రమ్మంటే వెళ్లండి. మగవాళ్లకి గుమ్మం దగ్గర బుట్టలో టోపీలుంటాయి, ఒకటి పెట్టుకోండి. ఫొటోలు మాత్రం తీయకండి. ఎవరు ఎదురైనా ‘షబ్బత్ షాలోమ్’ (సబ్బాతు ప్రశాంతంగా గడవాలి) అంటే చాలు.