పెళ్లి ఫొటో మీద హక్కు ఎవరిది?

విజయవాడలో మీ పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియో వారు, అడగకుండానే ఒక ఫొటోను ఫ్లెక్సీ మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారని, “తీసింది మేమే కాబట్టి హక్కు మాదే” అంటున్నారని రాశారు. వారి మాట సరికాదు.

1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు మీరే. వేరే ఒప్పందం ఉంటే తప్ప. అందుకే బుకింగ్ రసీదును వెనక్కి తిప్పి చూడండి. ‘ప్రచారానికి వాడుకుంటాం’ అన్న వాక్యం చిన్న అక్షరాల్లో అక్కడ ఉండవచ్చు. మా చెల్లెలి పెళ్లికి గుంటూరులో అడ్వాన్సు ఇస్తున్నప్పుడు ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టివేయించి, పక్కన యజమాని చేత సంతకం పెట్టించాను.

ఇక కాపీరైట్ ఎవరిదైనా, ఆ ముఖాలు మీవి. అనుమతి లేకుండా ఒకరి పేరును, రూపాన్ని ప్రకటనకు వాడటం గోప్యతను భంగపరచడమేనని సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు.

ముందు ఫ్లెక్సీని ఫొటో తీసి, పోస్టు స్క్రీన్‌షాట్ దాచుకోండి. తర్వాత తొలగించమని రాతపూర్వకంగా అడగండి. వినకపోతే ఇన్‌స్టాగ్రామ్‌కు ఫిర్యాదు, లాయరు నోటీసు.