జౌస్టింగ్‌కి దిగే నైట్‌ని నిజంగా క్రేన్‌తో గుర్రం ఎక్కించేవారా?

లేదండీ. జౌస్టింగ్ అంటే మధ్యయుగపు యూరప్‌లో కవచం తొడుక్కున్న ఇద్దరు గుర్రపు యోధులు (నైట్‌లు) బల్లేలతో ఎదురెదురుగా దూసుకొచ్చి తలపడే పోటీ. మీ కథలో నైట్‌ని క్రేన్‌తో గుర్రం మీద కూర్చోబెట్టే దృశ్యం రాసుకుంటే దయచేసి తీసేయండి.

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుకున్న ఏడాదిలో నా ఆదివారాలు చాలావరకు అక్కడి రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియంలోనే గడిచాయి. ప్రవేశం ఉచితం, అదో అదృష్టం. అంతకుముందు నేనూ ఈ క్రేన్ కథ నమ్మినవాడినే.

యుద్ధానికి వేసుకునే పూర్తి ఉక్కు కవచం దాదాపు 20 నుంచి 25 కిలోలు. అంటే విమానంలో మనం చెక్-ఇన్ చేసే పెట్టెంత. కాకపోతే పెట్టె బరువంతా ఒక్క చేతినే లాగుతుంది, కవచం బరువు పట్టీల వల్ల ఒళ్ళంతా సర్దుకుంటుంది. అలవాటున్నవాడు అది వేసుకునే పరిగెత్తేవాడు, తనే గుర్రం ఎక్కేవాడు.

జౌస్టింగ్ కవచం వేరు. అది ఆట కోసం చేసింది, 40 కిలోలు దాటినవీ ఉన్నాయి. 15వ శతాబ్దంలో గుర్రాలు ఢీకొనకుండా మధ్యలో చెక్క అడ్డుగోడ వచ్చింది. ప్రత్యర్థి ఎడమవైపు నుంచి వస్తాడు కాబట్టి కవచం ఆ పక్కనే ఎక్కువ దిట్టంగా ఉండేది. ఛాతీ రేకుకి కుడివైపున్న ఇనప కొక్కెం బల్లేన్ని ఆనించుకోవడానికి.

నన్ను కట్టిపడేసింది మాత్రం కప్ప నోటి శిరస్త్రాణం. ఒకసారి దాని నకలు పెట్టుకుని చూశాను. నిటారుగా నిలబడితే పైకప్పు తప్ప ఏమీ కనిపించలేదు. ముందుకు వంగితేనే ఎదురుగా ఉన్న మనిషి కనిపించాడు. రౌతు వంగి గురి చూసుకుని, దెబ్బ తగిలే క్షణంలో తల ఎత్తేసేవాడు. అప్పుడు బల్లెం పేళ్ళు కళ్ళ సందులోకి దూరవు. ఆ పేళ్ళు ఎంత ప్రమాదమో 1559లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ చావు చూస్తే తెలుస్తుంది. జౌస్టింగ్ పోటీలో ప్రత్యర్థి మోంట్‌గోమరీ బల్లెం విరిగి, ముక్క ముఖకవచం లోపలికి దిగింది. పది రోజులు నరకం చూసి పోయాడు.

బల్లెం విరగడం తప్పేమీ కాదు, విరిగితేనే పాయింట్లు. స్నేహపూర్వక పోటీల్లో వాడి మొన బదులు కిరీటంలా మూడు నాలుగు కొమ్ములున్న మొన బిగించేవారు, దెబ్బ ఒక్కచోటే దిగకుండా.

కత్తులు కవచాన్ని కోస్తాయా అని కూడా అడిగారు. ఒంటిచేతి కత్తి కిలో, కిలోన్నర లోపే. దాని అంచు ఉక్కు రేకుని కోయలేదు. అందుకే యుద్ధంలో గద, సమ్మెట లాంటివి పట్టేవారు. కత్తే దిక్కయితే రెండో చేత్తో అలుగు మధ్యలో పట్టుకుని, చంకలోనో ముఖకవచం సందులోనో పొడిచేవారు. మీ పోరాట దృశ్యంలో కవచాలు తెగి పడుతున్నట్టు రాసుంటే అదీ మార్చండి.