ఫిల్టర్ మూతి ఎక్కడుందో చూశావా, అమ్మలూ?

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, "మా అమ్మాయి కారుకేదో గొట్టం బిగిస్తానంటోంది బావగారూ, మీరే అడగండి" అంది. తర్వాత నువ్వు పంపిన ఫోటో చూశాను. ఇంజన్ గాలి పీల్చుకునే మెరిసే అల్యూమినియం పైపు, చివర దుమ్మును ఆపే ఎర్రటి కోన్ ఫిల్టర్. మన ఇంట్లో ఇంతమంది మగపిల్లలున్నా నా షెడ్డు వైపు తొంగిచూసినవాడు లేడు. నువ్వు నీ అంతట నువ్వే బానెట్ ఎత్తి, ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విప్పి లోపల చూశావని తెలిసి మీ పెద్దమ్మకి పనిగట్టుకుని చెప్పాను. ఆవిడ "ఆ గ్రీజు చేతులతో పెళ్లిచూపులకి కూర్చుంటుందా" అంది. ఆ మాట పట్టించుకోకు. నన్ను పట్టుకున్న టెన్షన్ వేరే.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. వారంటీ పుస్తకం చదువు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే, అదీ చదువు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా ఏదీ మార్చకు. సరే.

ఇప్పుడు నిజం చెప్పు, ఇది పికప్ కోసమా, సౌండ్ కోసమా? సౌండ్ కోసమైతే సిగ్గుపడక్కర్లేదు. యాక్సిలరేటర్ నొక్కగానే వచ్చే ఆ గుర్రుమనే శబ్దం నాకూ ఇష్టమే. పికప్ కోసమంటే మాత్రం లెక్క విను. లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే తొమ్మిది వేల లీటర్ల పైన గాలి కావాలి. ఆ గాలి మూడు డిగ్రీలు చల్లబడితే సాంద్రత నూటికి ఒక వంతు పెరుగుతుంది, పవర్ కూడా దాదాపు అంతే. నీది టర్బో, అంటే గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోసే పంకా, లేని మామూలు పెట్రోలు బండి. కంపెనీ వాళ్లు ఫిల్టర్ డబ్బాకి గాలి లోపలికి వచ్చే మూతిని ముందు వైపు, బయటి గాలి తగిలే చోటే పెట్టి ఉంటారు. చెయ్యి పెట్టి తడుముకో, తెలుస్తుంది. చల్లగాలి నీ బండికి ఇప్పటికే అందుతోందమ్మా. రోజూ అమలాపురం నుంచి కాకినాడ పోయే దారిలో, ఎదురులంక వంతెన ఎక్కేటప్పుడు లారీ వెనక పడితే, కొత్త పైపు ఇచ్చే ఆ కాస్త పవర్ నీ పాదానికి తెలియను కూడా తెలియదు.

పొట్టి పైపు రకం పెడితే ఫిల్టర్ ఇంజన్ పక్కనే కూర్చుంటుంది. రోహిణీ కార్తెలో ముమ్మిడివరం సెంటర్లో ట్రాఫిక్‌లో ఆగావనుకో, అది పీల్చేది బానెట్ కింద ఉడుకుతున్న గాలినే. సౌండ్ బాగుంటుంది, పికప్ పడిపోతుంది. డబ్బిచ్చి వేడి కొనుక్కోవడం ఎందుకు?

పొడుగు పైపు రకంలో ఫిల్టర్‌ని బంపర్ వెనక, చక్రం పక్కన, కిందికి దించుతారు. నువ్వు ఫోటో పంపింది సరిగ్గా అదే. నాకు నిద్ర పట్టనిది అందుకే. మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు, నేను చెబుతాను.

పెళ్లైన కొత్తలో మీ నాన్న సెకండ్‌హ్యాండ్ ఎస్టీమ్ కొన్నాడు. ఒక ఊళ్లో ఒక షాపు, పేరెందుకులే, అక్కడ ఇలాంటి పైపే వేయించుకొచ్చాడు. ఫిల్టర్ పొగమంచు లైటు వెనక, రోడ్డుకి జానెడు ఎత్తులో వేలాడుతోంది. "ఇది మన వానలకి పనికిరాదురా" అన్నాను. "నువ్వు లారీల మెకానిక్‌వి అన్నయ్యా, కార్ల సంగతి నీకేం తెలుసు" అన్నాడు. తమ్ముడు కదా, ఊరుకున్నాను.

ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టింది. అమలాపురం దగ్గర కౌశిక డ్రెయిన్ పొంగి నీళ్లు రోడ్డెక్కాయి. మోకాలి లోతు కూడా లేవు. ముందు బస్సు పోయింది కదా అని వీడూ వెనకే దిగాడు. బస్సు పోతే అలలు వస్తాయన్నది మర్చిపోయాడు. ఆ అల బంపర్ మీదికి లేచింది, ఫిల్టర్ గాలితోపాటు నీళ్లు కూడా లాగింది, ఇంజన్ ఆగిపోయింది. అక్కడ దిగి నలుగురి చేత తోయించుకుని ఉంటే బండికి ఏమీ అయ్యేది కాదు. వీడు సెల్ఫ్ కొట్టాడు. టక్కుమని పట్టేసింది. మళ్లీ కొట్టాడు.

గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. ఆ పదమూడు వందల సీసీ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ సిలిండర్‌కి నలభై మిల్లీలీటర్లు ఉంటుందేమో. అంటే చిన్న టీ గ్లాసులో సగం. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి పోలేదు, దాన్ని కింద పట్టి ఉండే రాడ్డు వంగాలి. కాసేపాగి మళ్లీ కొడితే, నీళ్లు ఎలా పోయాయో గానీ బండి స్టార్టయింది. రాత్రికి మా రావులపాలెం షెడ్డుకి తోలుకొచ్చి, "చూశావా, ఏం కాలేదు" అన్నాడు. బానెట్ మీద చెయ్యి పెడితే అడుగు నుంచి సన్నగా ఒక దెబ్బ తెలుస్తోంది. "ఇంజన్ దించాలిరా" అన్నాను. "సంక్రాంతి వెళ్లనీ" అన్నాడు.

సంక్రాంతి వెళ్లకముందే జొన్నాడ వంతెన మీద రాడ్డు విరిగి, బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిలంతా రోడ్డు పాలు. వెనక ఇసుక లారీ. ఆ డ్రైవర్ ఎవడో గానీ చల్లగా ఉండాలి, బ్రేకు మీద నిలబడి ఆపాడు. పక్క సీట్లో మీ అమ్మ ఉంది. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు.

ఇంజన్ దించాక విరిగిన రాడ్డు పక్క సిలిండర్ రాడ్డు కూడా తీసి చూశాను. కంటికి వంపే ఆనలేదు. మంచి రాడ్డు పక్కన బల్ల మీద నిలబెడితే మాత్రం గోరు మందం పొట్టిగా ఉంది. ఆ గోరు మందం మీద మీరు ముగ్గురూ అన్నాళ్లు తిరిగారు.

ఇంత చెప్పినా నువ్వు ఏదో ఒకటి పెట్టకుండా ఉండవని తెలుసు. మీ నాన్న రక్తమే కదా. అయితే ఇలా చెయ్యి. డబ్బా, పైపు, మూతి కదపకు. డబ్బా లోపల పట్టే పలక ఫిల్టర్ మాత్రం మార్చు, కడిగి మళ్లీ వాడుకునేది. అందులో నూనె పూసే కాటన్ రకం ఒకటి, నూనె అక్కర్లేని పొడి రకం ఒకటి దొరుకుతాయి. నువ్వు పొడి రకమే తీసుకో. కొన్ని బండ్లలో పైపులో గాలిని కొలిచే సన్నటి వేడి తీగ సెన్సర్ ఉంటుంది. కాటన్ ఫిల్టర్‌కి నూనె ఎక్కువ పూస్తే ఆ తుంపరలు తీగకి అంటి లెక్క తప్పుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. సెన్సర్ కూర్చునే పైపు వెడల్పు మారినా అదే గొడవ. అసలు కాగితం ఫిల్టరే సన్న దుమ్మును బాగా పడుతుంది, సమయానికి మారుస్తుంటే దాంతోనే హాయిగా తిరగొచ్చు. ఈ మాట నీకు నచ్చదు, అయినా రాస్తున్నాను.

దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోకు. మన దారుల్లో ఇసుక ర్యాంపుల లారీలు, కొబ్బరి పీచు మిల్లుల పొట్టు, కోతలప్పుడు ఊక. బిగించిన వారం తర్వాత ఫిల్టర్ దాటాక ఉండే పైపు లోపల వేలికి తెల్లగుడ్డ చుట్టి తుడు. గుడ్డ మీద మట్టి కనిపిస్తే ఫిల్టర్ అంచు కూర్చోలేదని అర్థం. ఆ మట్టి సిలిండర్లను అరగదీస్తుంది, ఇంజన్ బోరుకొస్తుంది, అంటే సిలిండర్లు మళ్లీ కోయించాలి. ఇంజన్ నుంచి పైపులోకి వచ్చే చిన్న రబ్బరు గొట్టం మళ్లీ బిగించడం మర్చిపోకు. చాలామంది అది ఊడదీసి వదిలేస్తారు. ఫిల్టర్ కడిగితే నీడలో పూర్తిగా ఆరాకే పెట్టు, కంప్రెసర్ గాలి కొట్టకు, చిల్లులు పడతాయి.

షాపువాడు ఫిల్టర్‌కి తొడిగే గుడ్డ ఒకటి చూపించి, నీళ్లు రావంటాడు. చిందే చినుకుల్ని ఆపుతుంది, మునిగితే ఆపదు.

ఇక వానాకాలం. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. టీవీలో ఆ మాట వినబడితే ఎదురుబిడియం కాజ్‌వే వైపు కారు తియ్యకు. అమ్మమ్మని ఫోన్లో పలకరించు. ఎక్కడైనా నీళ్లలో బండి ఆగిందా, తాళం తిప్పకు. తోయించి ఒడ్డెక్కించి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఫిల్టర్ డబ్బాలో తడి ఉంటే ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోగొట్టేదాకా సెల్ఫ్ ముట్టుకోకూడదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉందా అని అడుగు. మామూలు పాలసీలో ఇలా నీళ్లు తాగిన ఇంజన్‌కి డబ్బులు రావడం కష్టం.

వచ్చే ఆదివారం బండి ఇక్కడికే తెచ్చెయ్. పలక ఫిల్టర్ నువ్వే బిగించు, నేను కుర్చీ వేసుకుని చూస్తాను. ఆ ఎర్ర కోన్‌కి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే మాత్రం మీ నాన్నకి చెప్పకుండా ముందు నాకు చెప్పు, షాపువాడితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న