డేటాబేస్ సర్వర్ జీపీఎల్ అయితే డ్రైవర్ కూడా జీపీఎల్ అవుతుందా?

అవ్వాలని లేదు. జీపీఎల్ అంటే, ఆ కోడ్ వాడి చేసినదాన్ని పంచితే సోర్స్‌తో సహా అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే లైసెన్స్. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు డ్రైవర్ (మన ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) ఎంచుకునేటప్పుడు డేటాబేస్ లైసెన్స్ కాదు, డ్రైవర్ లైసెన్స్ చూడాలి. సర్వర్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, మన ప్రోగ్రామ్ దానితో కనెక్షన్ మీద మాట్లాడుతుంది, అంతే. డ్రైవర్ అలా కాదు. మన కోడ్‌తో పాటే లోడ్ అవుతుంది, చాలాసార్లు మన ప్యాకేజీలోనే కలిసి జనానికి వెళ్తుంది. అందుకే దాని షరతులు మనకూ చుట్టుకుంటాయి.

మరియాడీబీ అనే డేటాబేస్‌నే చూడండి. సర్వర్ జీపీఎల్ 2, దాని జావా డ్రైవర్ మాత్రం ఎల్‌జీపీఎల్ 2.1, అంటే లైబ్రరీల కోసం జీపీఎల్‌ను కాస్త సడలించిన లైసెన్స్. డ్రైవర్‌ను మార్చి పంచితే ఆ మార్పుల సోర్స్ ఇవ్వాలి. మన కోడ్ లైసెన్స్ మనిష్టం. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ జేడీబీసీ (జావా) డ్రైవర్‌ది బీఎస్‌డీ అనే సరళమైన లైసెన్స్, కాపీరైట్ నోటీసు, షరతుల పాఠం ఉంచితే చాలు. ఇంతకన్నా తలనొప్పి లేనిది దొరకడం కష్టం.

సర్వర్ జీపీఎల్ కాబట్టి దానికి కనెక్ట్ అయ్యే యాప్ మొత్తం జీపీఎల్ అయిపోతుందని చాలామంది టెన్షన్ పడతారు. కేవలం కనెక్ట్ అయినందుకు అలా జరగదు.