హంతకుల మనసు చదువుతానంటే ఆపకండి

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీఏ సైకాలజీ ఆఖరి సంవత్సరం. అత్యాచారం చేసి చంపేవాళ్ళ ప్రవర్తన మీద పరిశోధన చేస్తానంటోంది. ఆడపిల్లకి ఇదేం చదువు? ఉద్యోగమైనా వస్తుందా?"

అయ్యా, ఈ పరిశోధనకి ఒక ఊపిచ్చింది ఆడమనిషే. ఆన్ బర్జెస్ అని ఒక సైకియాట్రిక్ నర్సు. 1970లలో బోస్టన్ సిటీ ఆసుపత్రికి వచ్చిన అత్యాచార బాధితుల దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది విన్నారు. అది తెలిసే అమెరికా నేర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆవిడని పిలిచింది. అక్కడి అధికారులు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ అప్పటికే జైళ్ళకెళ్ళి హంతకులతో మాట్లాడుతున్నారు గానీ, ఆ మాటలకో పద్ధతి లేదు. అందరినీ ఒకే తీరున అడగాలి, చెప్పింది కేసు ఫైలుతో పోల్చాలి అని దాన్ని పరిశోధనగా నిలబెట్టడంలో ఆవిడ పాత్ర పెద్దది. 36 మంది లైంగిక హంతకుల మీద చేసిన ఆ అధ్యయనం 1988లో పుస్తకమైంది. మీ అమ్మాయికి నేరస్థుల మీద మోజనుకోకండి. బాధితుల మీద బాధ ఉన్నవాళ్ళే ఈ దారిలో ఎక్కువకాలం నిలుస్తారు.

ఒక్కటి మాత్రం అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఆ 36 మందీ పట్టుబడినవాళ్ళు, మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్ళు. పథకం వేసుకుని చంపేవాళ్ళు, అదుపు తప్పి చంపేవాళ్ళు అని ఎఫ్‌బీఐ గీసిన గీతను 2004లో డేవిడ్ కాంటర్ అనే సైకాలజిస్టు బృందం 100 మంది అమెరికా సీరియల్ హంతకుల కేసులతో పరీక్షిస్తే అది నిలవలేదు. అందుకే స్టాటిస్టిక్స్ తప్పించుకోకూడదు. టీవీ సీరియళ్ళు చూసి వచ్చే ఉత్సాహం అక్కడే చల్లారిపోతుంది.

మన దేశంలోనూ చేసినవాళ్ళున్నారు. మధుమిత పాండే బ్రిటన్‌లో పీహెచ్‌డీ కోసం తిహార్ జైల్లో అత్యాచార కేసుల్లో శిక్షపడిన ఖైదీలతో మాట్లాడారు.

ఉద్యోగం సంగతి దాచను. నేరం జరిగిన తీరు చూసి నేరస్థుడు ఎలాంటివాడో అంచనా వేసే 'ప్రొఫైలర్' అన్న పోస్టు కోసం నోటిఫికేషన్ చూసుకుంటూ కూర్చోవద్దు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత ఫోరెన్సిక్ ల్యాబుల సైకాలజీ విభాగాలు, అధ్యాపక వృత్తి, పీహెచ్‌డీ. ల్యాబులో పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే పరీక్ష) లాంటివి చెయ్యాలంటే ఆ మనిషి సమ్మతి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పింది. ఆ తీర్పు ఇప్పుడే చదివించండి.

ఆ ఫైళ్ళు చదివిన రోజు అమ్మాయికి అన్నం సయించకపోవచ్చు. అప్పుడు "నేను ముందే వద్దన్నాను" అని మాత్రం అనకండి. చెప్పుకుంటే వినండి, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.