ముందు నీ సంఘం ఏ చట్టం కింద పుట్టిందో చూడు

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మధురవాడ వైపు స్థలం కోసం చేరిన గృహ నిర్మాణ సహకార సంఘంలో లెక్కలు అడిగితే మొహం చాటేస్తున్నారనీ, కోర్టుకెక్కుతాననీ రాశావు. కోర్టు సంగతి తర్వాత. సంఘం రిజిస్ట్రేషన్ పత్రం సంపాదించి అందులో ఏ చట్టం పేరు ఉందో చూడు.

మన రాష్ట్రంలో రెండు చట్టాలున్నాయి. 1964 నాటి సహకార సంఘాల చట్టమైతే 61వ సెక్షన్ కింద తగాదాను సహకార సంఘాల రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టమైతే, ప్రభుత్వ జోక్యం తగ్గించడానికే తెచ్చిన చట్టం గనుక, సహకార తగాదాలు విచారించే సహకార ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. ఈ తేడా తెలియకే నేను నా పాత సంఘం గొడవలో ఏడాదిన్నర పాటు ఒక కార్యాలయం మెట్లు ఎక్కి దిగాను. చివరికి ఒక గుమాస్తా జాలిపడి, ‘మీది తొంభై ఐదు చట్టం కదండీ, ఇక్కడికెందుకు?’ అన్నాడు. పత్రం నా బీరువాలోనే ఉంది. చదవనిది నేనే!

సహకార సంఘం పెట్టుకోవడం రాజ్యాంగ 97వ సవరణతో ప్రాథమిక హక్కయిందని నువ్వు రాసింది నిజమే. అయితే ఆ సవరణతో రాజ్యాంగంలో చేరిన, సహకార సంఘాల నిర్వహణ గురించిన ‘9బి’ భాగం రాష్ట్ర చట్టాల కింద పుట్టిన సంఘాలకు వర్తించదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని పట్టుకుని వాదించి లాభం లేదు. సమాచార హక్కు విషయంలోనూ అంతే. ప్రభుత్వం గణనీయంగా నిధులివ్వని సంఘానికి నేరుగా దరఖాస్తు పెడితే పని జరగదు, 2013లోనే తీర్పు వచ్చింది. కానీ సంఘం గురించి రిజిస్ట్రార్ దగ్గర ఉన్న కాగితాలను ఆ కార్యాలయం నుంచే అడగవచ్చు. అక్కడ ఆడిట్ నివేదిక దొరికితే నీ పని సగం అయినట్టే.

ఇక మహాజన సభ, అంటే సభ్యులందరి సమావేశం. నీ అసలు బలం అక్కడే ఉంది. పది వాటాలున్నా, ఒక్కటున్నా సభ్యుడికి ఒకటే ఓటు. బాకీ పడితే మాత్రం ఆ ఓటుకే ఎసరు పెట్టగలరు, కాబట్టి కట్టాల్సింది కట్టి రసీదు దాచుకో. సభ జరగకుండానే హాజరు పుస్తకం పట్టుకుని ఇంటికి వస్తే సంతకం పెట్టకు. అది మొహమాటపడే చోటు కాదు. నేనూ ఒకసారి అలా పెట్టాను. తర్వాత చూస్తే భూమి కొనుగోలు తీర్మానాన్ని ‘ఏకగ్రీవంగా’ ఆమోదించినవాళ్ళలో నేనూ ఉన్నాను. సభలో నీ మాట వాళ్ళకు నచ్చకపోతే, అభ్యంతరాన్ని మినిట్స్‌లో, అంటే సభ కార్యవాహి పుస్తకంలో, రాయమని పట్టుబట్టు. రాయకపోతే మర్నాడే రిజిస్టర్డ్ పోస్టులో పంపు.

లెక్కలు కూడా నోటితో అడగకు. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, సభ్యుడు ఏ పుస్తకాలు చూడవచ్చో ఉంటుంది. ఆ నిబంధన పేర్కొంటూ నలుగురైదుగురు కలిసి లేఖ రాయండి. ఒక్కడే అడిగితే తగవులమారి అంటారు.

ఆదివారం బైలా, రసీదులు తీసుకుని రా. లేఖ ఇక్కడే కూర్చుని రాద్దాం. మీ అత్త పెసరట్లు వేస్తానంటోంది.

మీ మామయ్య