ఫిల్మ్ వేయించే ముందు పెయింటు కొలిపించు పాపా

పాపా,

మీ నాయన రాత్రి ఫోన్ చేసినాడు. నువ్వు బెంగళూరులో సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ స్పోర్ట్స్ కారు కొన్నావంట, ఎర్రదంట, దానికి ఒళ్ళంతా పీపీఎఫ్, అదే పెయింటును కాపాడే పారదర్శక ఫిల్మ్, వేయించి ఉగాదికి కడపకు తోలుకొని వస్తావంట. వాడి గొంతులో కోపమెంతో సంతోషమూ అంతే ఉంది. "అంత పోసి కొన్నది చాలదా, దానిమీద ప్లాస్టిక్ కాగితం అంటించేదానికి మళ్ళీ లక్షలా? నువ్వన్నా చెప్పు అన్నా" అన్నాడు. వాడికేం చెప్పలేదు. నీకే రాస్తున్నా.

మన ఇంట్లో సొంత సంపాదనతో కారు కొన్న మొదటి ఆడపిల్లవు నువ్వు. మీ పెద్దమ్మ పొద్దున్నుంచీ వీధిలో కనపడినోళ్ళకందరికీ చెప్తాంది. నాకూ గర్వంగానే ఉంది. కానీ నేను బతుకంతా కార్లకు రంగులేసినోణ్ణి. ఎర్ర కారు అనంగానే నాకు ముందు కనపడేది దాని పెయింటే.

ఫిల్మ్ వేయించడం తప్పు కాదు, వేయించు. కంపెనీ వేసిన రంగు మొత్తం కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో రంగు పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోటు, 40, 50 మైక్రాన్లే. నువ్వొచ్చే మదనపల్లె, రాయచోటి దారిలో లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చే కంకర రాయికి అది ఏమాత్రం ఆగుతుంది? మస్టాంగ్‌కు ముక్కు వెడల్పు, దెబ్బలన్నీ అక్కడే తగుల్తాయి. ఫిల్మ్ 200 మైక్రాన్ల దాకా మందముంటుంది, సాగుతుంది, రాయి దెబ్బను తను తీసుకుంటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికావాళ్ళ హెలికాప్టర్ రెక్కలు ఇసుకకు అరిగిపోతుంటే, వాటికి అంటించడానికి పుట్టిన సరుకు ఇది. సెరామిక్ కోటింగ్ అంటే మెరుపు కోసం పూసే పల్చని పూత, అది వేరే పని, దానికి రాళ్ళు ఆగవు. రెండూ ఒకటేనని ఎవడన్నా చెప్తే ఆ షాపు నుంచి లేచి వచ్చెయ్. ఫిల్మ్ టీపీయూదా కాదా అడుగు, టీపీయూ అంటే రబ్బరులా సాగే రకం ప్లాస్టిక్. చవకది పీవీసీ అంటగడ్తారు, అది మన ఎండలకు పచ్చబడి గట్టిపడుతుంది, తీసేటప్పుడు జిగురంతా పెయింటు మీదే వదిలేస్తుంది.

ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. నా భయం వేరే. అది సెకండ్ హ్యాండ్ కారు.

ప్రొద్దుటూరు నుంచి ఒక కాంట్రాక్టరు మన షెడ్డుకు వచ్చేవాడు. ఆయనకు రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. ఒకసారి బర్రె అడ్డమొచ్చి బానెట్ సొట్టపోయింది. టింకరింగ్ చేసి, పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కొట్టి ఇచ్చినాం. ఇచ్చేటప్పుడు గట్టిగా చెప్పినా: "అన్నా, చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది, లోపల థిన్నరు ఇంకా ఉంటుంది. రెండు మూడు నెలలు గాలి తగలనీ. అందాకా దీనిమీద ఏమీ అంటించొద్దు" అని. తల ఊపినాడు. కొడుకు పెండ్లి దగ్గర పడింది, ఊరేగింపుకు ఆ కారే కావాల. అదే వారం వేరే ఊరికి తీసకపోయి ఫిల్మ్ వేయించినాడు. ఆ షాపువాళ్ళు బానెట్‌కు మళ్ళీ రంగేసినారా అని ఒక్క మాట అడగలా. ఈయన చెప్పలా.

పెండ్లిలో కారు అద్దంలా మెరిసిందంట. ఎండాకాలం వచ్చేసరికి బానెట్‌కు అమ్మవారు పోసినట్టు బొబ్బలు. బయటికి పోవాల్సిన థిన్నరు ఆవిరికి దారి లేక, ఫిల్మ్ కిందే ఉబ్బింది. మళ్ళీ ఆ షాపుకే పోయినాడు. అక్కడి పిల్లోడు వేడి చూపించకుండా, మూల పట్టుకొని నిటారుగా పైకి లాగినాడు. ఫిల్మ్‌ను వేడి చేసి, బాగా పడుకోబెట్టి, నిదానంగా వెనక్కి తియ్యాల. అట్ల తీసినా ఆ పెయింటు నిలిచేది కాదేమో, కానీ కొంతన్నా మిగిలేది. అరచేతంత వెడల్పున క్లియరూ రంగూ రెండూ ఫిల్మ్‌తోపాటే వచ్చేసినాయి. కింద బూడిదరంగు ప్రైమర్ బయటపడింది.

ఆ ముక్కను ఆయన మడిచి జేబులో పెట్టుకొని నా దగ్గరికి తెచ్చినాడు. విప్పి వెలుతురుకు పెట్టి చూసినా. జిగురు వైపంతా ఎర్రటి పొర, దాని వెనక మా పిల్లోళ్ళు రుద్దిన వాటర్ పేపర్ గీతలు సన్నగా, వరసగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా అచ్చుపడి ఉన్నాయి. పెద్దమనిషి, కండ్లలో నీళ్ళు పెట్టుకున్నాడు. బానెట్ మొత్తం మొదటి నుంచి చేసినాం. ఆ ముక్కను షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించినా, ఫిల్మ్ వేయిస్తామని వచ్చినోళ్ళకు చూపించేదానికి. నువ్వూ చూసే ఉంటావు, ఫ్యాను స్విచ్చి పక్కన ఉండేది.

అందుకే చెప్తున్నా. నీకు అమ్మినోడు యాక్సిడెంట్ కాలేదనే అంటాడు, ఎవడైనా అదే అంటాడు. పెయింటు మందం కొలిచే మీటరు పెట్టించి ప్రతి ప్యానెల్ కొలిపించు. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకో: మస్టాంగ్ బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం, తలుపులు ఇనుము. ఇనుము మీదే పనిచేసే మీటరు బానెట్ మీద అంకె చూపించదు. "మీటరు పట్టట్లేదు, ఏం కాదులే మేడం" అంటారు, ఒప్పుకోవద్దు. రెండూ చదివే మీటరు తెమ్మను. 100, 150 మధ్య ఉంటే కంపెనీ రంగు. 250, 300 దాటితే మళ్ళీ కొట్టినట్టే అనుకో. ఇంకా పైకి పోయిందంటే కింద పుట్టీ ఉంది. బంపర్ ప్లాస్టిక్, దానికి ఈ మీటర్లు పనికిరావు. హెడ్‌లైట్ పక్కన సందుల్లో, రబ్బరు బీడింగ్ అంచుల్లో రంగు తుంపరలు పడినాయేమో టార్చి వేసి చూడు. బానెట్ బోల్టుల మీద స్పానర్ తిరిగిన గుర్తులు చూడు. రంగు ఈమధ్యే కొట్టి ఉంటే మూడు నెలలు ఆగు. పాతదైతే, తీసేరోజు ఊడొచ్చే అవకాశం ఉందని తెలిసే వేయించు.

ఉగాది దాటిపోతుందని తొందరపడతావు, నీ సంగతి నాకు తెల్దా? బడి అయినాక షెడ్డుకొచ్చి కూర్చునేదానివి. తెల్ల అంబాసిడర్ తలుపుకు ఆఖరి కోటు కొట్టి నేను గన్ను కడుక్కునే లోపల, ఆరిందో లేదో చూస్తానని వేలు పెట్టినావు. నీ వేలిముద్ర తలుపు నడిమధ్యన పడింది. కొట్టేదానికి చెయ్యెత్తినా. "ఆరలేదు పెద్దనాయనా" అని నువ్వే నాకు చెప్పినావు. ఎత్తిన చెయ్యి దించేసి నీ వేలు థిన్నరుతో తుడిచినా. ఇప్పుడూ అదే అడుగుతున్నా, ఆరేదాకా ఆగు.

ఇంకొకటి, బ్లేడు. ఫిల్మ్‌ను కారు మీద పరిచి, అంచుల వెంబడి బ్లేడుతో కోసేవాళ్ళున్నారు. చెయ్యి కొంచెం బరువు పడినా క్లియర్ తెగుతుంది. అది ఫిల్మ్ తీసేదాకా కనపడదు, ఇనుప ప్యానెల్ అయి, గీత ఇనుము దాకా దిగిందంటే తుప్పు అక్కడే మొదలవుతుంది. కంప్యూటర్ మిషన్ మీద ముందే కోసిన ఫిల్మ్ అడుగు. అంటించే ముందు క్లే, అదే పెయింటుకు అంటుకున్న మురికిని లాగే మెత్తని ముద్ద, కొట్టించి, గీతలుంటే పాలిష్ చేయించు.

వేసినాక నీటి బుడగలు కనపడితే భయపడొద్దు, ఒకటి రెండు వారాల్లో పోతాయి. మొదటి వారం కడగొద్దు. ప్రెషర్ గన్ అంచుల మీదికి దగ్గరగా కొట్టనీయొద్దు. మన బోరు నీళ్ళు ఉప్పువి, ఎండలో ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, వెంటనే తుడిచెయ్యాల. దేవుని కడపలో పూజ చేయించేటప్పుడు పూలదండను బానెట్ మీద వెయ్యనీయొద్దు, లోపల ఇనప తీగ ఉంటుంది. సన్న గీతలైతే ఎండ వేడికి ఫిల్మ్ తనంతట తనే సర్దుకుంటుంది, తీగ కోసిందంటే సర్దుకోదు. పసుపు మరక కూడా అంత సులభంగా వదలదు.

గువ్వలచెరువు ఘాట్ చీకట్లో దిగొద్దు. ఆ మలుపుల్లో బ్రేకులు పోయిన లారీలు ఎన్ని పడినాయో మీ నాయనను అడుగు. మధ్యాహ్నానికల్లా కిందికి వచ్చేటట్టు బయలుదేరు. బండలు వేసుకొని పోయే లారీ కనపడితే వెనక అతుక్కోవద్దు, దూరంగా ఉండు, హారన్ కొట్టి తొందరపెట్టొద్దు. కారుకు ఏమైనా నేను చేసిస్తా. నీకేమన్నా అయితే నా చేతిలో లేదు పాపా.

మీటరు అంకెలు ప్యానెల్ వారీగా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి చెప్పిందాకా అడ్వాన్సు కట్టొద్దు.

మీ పెద్దనాయన